అవ్వ ముస్లిమేనా? తెలియక చేసినదాని మీద ఒక కేస్ స్టడీ

రాయలసీమలో ఒక మండల కేంద్రంలోని మసీదులో నేను 19 ఏళ్లుగా ఇమాముగా ఉన్నాను. అయిదు పూటలా నమాజు చేయించడం, పిల్లలకు ఖుర్ఆన్ నేర్పడం పైకి కనిపించే పని. కనిపించని పని ఇళ్లలో ఉంటుంది. భార్యాభర్తల తగాదాలు, మహర్ (పెళ్లిలో వరుడు వధువుకు ఇచ్చే సొమ్ము) లెక్కలు, ఆస్తి పంపకాలు. ఈ మధ్య కొన్నేళ్లుగా మరో రకం తగాదా నా దగ్గరికి వస్తోంది. ఒకే ఇంట్లో ఒకరు ఇంకొకరిని ‘నువ్వసలు ముస్లిమువే కాదు’ అనడం. అలాంటివాటిలో నన్ను ఎక్కువ కాలం వదలని ఒక కేసును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇంటివాళ్ల అనుమతి తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. జరిగిన మాటలు మార్చలేదు.

రంజాను పండుగ అయిన వారానికి ఒక రాత్రి, ఇషా నమాజు ముగిసి అందరూ వెళ్లిపోయాక, ఒకాయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె ఆయనది. దూదేకుల కుటుంబం. పరుపులు కుట్టే దుకాణం ఉంది.

“హజ్రత్, మా అమ్మ ముస్లిమా కాదా మీరొచ్చి చెప్పాలి” అన్నాడు.

ఎవరికి వచ్చింది ఆ సందేహం అని అడిగాను.

“నా కొడుక్కి.”

సంగతి ఇది. కొడుకు వయసు 24. నాలుగేళ్లు కువైట్‌లో పని చేసి వచ్చాడు. అక్కడ ఖాళీ వేళల్లో ఫోనులో ధార్మిక ప్రసంగాలు వినడం మొదలుపెట్టి, నమాజు పట్టుకున్నాడు, పొగ మానేశాడు. ఇంటికి ప్రతినెలా డబ్బు పంపాడు. చెడ్డ పిల్లవాడు కాదు, ఇది ముందే చెప్పాలి. రెండు నెలల కిందట తాత చనిపోతే వచ్చాడు. జనాజా నమాజుకు (చనిపోయినవారి కోసం చేసే నమాజుకు) అందరూ వరుసల్లో నిలబడితే, అతను మాత్రం వేపచెట్టు కింద చేతులు కట్టుకుని పక్కకు నిలబడ్డాడు. తాత యాభై ఏళ్ల పాటు మొహర్రంలో పీరు ఎత్తినవాడు. పీరును బిడ్డలడిగాడు, వానలడిగాడు. అది షిర్కు, అంటే అల్లాహ్‌కు సాటి కల్పించడం. షిర్కు మీద చనిపోయినవాడికి జనాజా లేదు, దుఆ (వేడుకోలు) లేదు. అది మనవడి వాదన. ఇప్పుడు అవ్వ వంతు వచ్చింది. ఆమె వండింది తినడం మానేశాడు. ‘నువ్వు పోయినా నేను నమాజుకు నిలబడను’ అని ఆమె ముఖం మీదే అన్నాడు.

వండింది తినకపోవడం గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. అవ్వ ముస్లిము కాదనే అనుకున్నా, ముస్లిమేతరుల చేతి అన్నం, పప్పు తినకూడదన్న నియమం షరీఅత్‌లో లేదు. కోసిన మాంసం విషయంలోనే నియమాలున్నాయి. అంటే అతని కోపం అతని విద్యను దాటిపోయింది. కేసు మొదట్లోనే ఇది నాకు గుర్తుగా పనికొచ్చింది.

ఇంట్లో విన్నది

మర్నాడు అసర్ (సాయంత్రపు నమాజు) తర్వాత వెళ్లాను. అవ్వకు 72 ఏళ్లు ఉంటాయి. గడపలో కూర్చుని పాత చీరలతో బొంత కుడుతోంది. దూది ఏకే విల్లు ఆ ఇంట్లో ఇంకా గోడకు వేలాడుతోంది, వాడకం పోయి చాలా ఏళ్లయినా. ఇంట్లో మాట్లాడేది తెలుగే. దూదేకుల ఇళ్లు చాలావాటిలో అంతే. ఉర్దూ ఆమెకు రాదు. కొంచెం అర్థమవుతుందని కొడుకు అన్నాడు కానీ, నేను రెండు వాక్యాలు మాట్లాడి చూస్తే మర్యాదకు తల ఊపిందే తప్ప ఏమీ తెలియలేదు.

ఇలాంటి కేసుల్లో మొదట తీర్పు గురించి కాదు, మనిషి గురించి తెలుసుకోవాలి. ఆమె నోట వచ్చిన మాటలనే పుస్తకంలో రాసుకున్నాను.

“అవ్వా, అల్లాహ్ ఎవరు?”

“పుట్టించినవాడు. ఇంకెవరు నాయనా.”

“మరి పీరు?”

“పీరు అల్లా మనిషి. ధర్మం కోసం తల ఇచ్చినవాడు.”

“పీరు బిడ్డను ఇస్తాడా?”

బొంత మీద నుంచి తల ఎత్తి నన్ను వింతగా చూసింది. “అల్లా ఇవ్వకుండా పీరెలా ఇస్తాడు? మాబోటి వాళ్లం నేరుగా అడిగితే వినడు కదా. పెద్ద ఆఫీసరు దగ్గరికి పోవాలంటే తెలిసినవాళ్లను పట్టుకుని పోమా?”

ఇక్కడితో ఆగి ఉంటే నా పని తేలికయ్యేది. కానీ కాసేపటికి, చిన్న కోడలికి ఆరేళ్లు బిడ్డలు లేకపోతే మొక్కుకున్న సంగతి చెబుతూ ఇలా అంది: “మొక్కు తీర్చకపోతే పీరు ఊరుకోడు. మా ఆడబిడ్డ తీర్చలేదు, కాలు పడిపోయింది.” దగ్గర దారి చూపే మనిషి అనుకున్న పీరే, ఇక్కడికి వచ్చేసరికి కోపం వస్తే కాలు పడగొట్టే శక్తిగా మారిపోయాడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి, ఒకే పూట అన్నవి. మొదటి మాట ఒక్కటే పట్టుకుంటే ఆమె చేసింది మధ్యవర్తిని పట్టుకోవడం. రెండో మాట పట్టుకుంటే అంతకంటే చాలా బరువైనది. నిజాయితీగా రాయాలంటే రెండూ రాయాలి.

కలిమా, అంటే ఇస్లాం విశ్వాస వాక్యం, అడిగాను. చెప్పింది, ఉచ్చారణ తప్పులతో. అర్థం అడిగితే “అల్లా ఒక్కడే” అంది. ముహమ్మద్ ప్రవక్త గురించిన రెండో భాగం అడిగితే “ప్రవక్త మంచివాడు” అంది. నమాజు రాదు. రోజాలు రంజానులో మొదటిది, 27వది, చివరిది ఉంటుంది. ఖుర్ఆన్ ఇంట్లో ఉంది, పచ్చ గుడ్డలో చుట్టి అటకకు కింద గూట్లో. ఆ మూట విప్పింది ఎప్పుడని అడిగితే, మామగారు చనిపోయినప్పుడు ఎవరో విప్పారంది.

“మసీదులో బయాన్ ఎప్పుడైనా విన్నావా అవ్వా?”

“మైకులో వినిపిస్తుంది కదా, శుక్రవారం శుక్రవారం. బాగుంటుంది. మీ గొంతు మంచిది.”

ఆ మాట దగ్గర నా కలం ఆగిపోయింది. ఆ మసీదులో మొదటి 11 ఏళ్లు నేను బయాన్ (ప్రసంగం) ఉర్దూలోనే చెప్పాను. తర్వాత కూడా తెలుగులో చెప్పింది అప్పుడప్పుడే. తౌహీద్ (దేవుడు ఒక్కడేనన్న నమ్మకం) మీద, షిర్కు మీద ఎన్ని శుక్రవారాలు గొంతు చించుకున్నానో నాకు తెలుసు. అది ఆమెకు మంచి గొంతుగానే చేరింది.

మనవడితో

మనవడితో విడిగా కూర్చున్నాను, అదే వేపచెట్టు కింద. అతను సిద్ధపడే వచ్చాడు. ఫోనులో ఆయతులు (ఖుర్ఆన్ వాక్యాలు), హదీసులు (ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే కథనాలు) గుర్తుపెట్టుకున్నాడు. మొదట తౌబా సూరాలోని (అధ్యాయంలోని) 113వ ఆయత్ చదివాడు. ముష్రిక్కులు (షిర్కు చేసేవాళ్లు) నరకవాసులని స్పష్టమయ్యాక, వాళ్లు దగ్గరి చుట్టాలైనా సరే, వాళ్ల క్షమాపణ కోసం వేడుకోవడం ప్రవక్తకూ విశ్వాసులకూ తగదని ఆ ఆయత్ భావం.

“ఇంకా చదువు” అన్నాను.

114 చదివాడు. ఇబ్రాహీం ప్రవక్త తన తండ్రి కోసం వేడుకోవడం, ఆయన అల్లాహ్‌కు శత్రువని స్పష్టమయ్యాక దూరం జరగడం.

“ఇంకా.”

115. ఒక జాతికి దారి చూపిన తర్వాత, వాళ్లు దేనికి దూరంగా ఉండాలో స్పష్టం చేయనంతవరకు అల్లాహ్ వాళ్లను దారి తప్పినవారిగా చేయడు.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “కానీ హజ్రత్, ఖుర్ఆన్ వచ్చి 1400 ఏళ్లయింది కదా, ఇంకా స్పష్టం కాకపోవడం ఏమిటి?” అన్నాడు. మంచి ప్రశ్న. దాన్ని తోసేయడం తప్పు. ఈ విషయంలో పండితుల మధ్య ఉన్న పేచీ అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆ సాయంత్రం అతనితో మాట్లాడినదాన్ని, తర్వాత నేను పుస్తకాలు తిరగేసి చూసుకున్నదాన్ని కలిపి రాస్తున్నాను.

తెలియకపోవడాన్ని అరబ్బీలో ‘జహల్’ అంటారు. దాన్ని తెలుగులో అజ్ఞానం అని అనువదిస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. మన భాషలో అజ్ఞాని అంటే తిట్టు. పైగా వేదాంతంలో దానికి వేరే బరువుంది. ఇక్కడ చర్చ ఒక సమాచారం చేరిందా లేదా అన్నదాని గురించి. ‘తెలియకపోవడం’ అంటే చాలు.

ఖుర్ఆన్ ఈ విషయంలో మూలసూత్రాన్ని చాలాచోట్ల చెప్పింది. ప్రవక్తను పంపనంతవరకు మేం శిక్షించం (17:15). ప్రవక్తలు వచ్చాక ప్రజలకు అల్లాహ్ ముందు వాదన మిగలకూడదని వాళ్లను పంపాం (4:165). ఈ ఖుర్ఆన్ మిమ్మల్నీ, ఇది చేరిన ప్రతివారినీ హెచ్చరించడానికి (6:19). చేరడం అన్న ఆ ఒక్క మాట మీదే ఇమాం గజాలీ (మరణం 1111) మనుషుల్ని మూడు రకాలుగా విడదీశారు. ప్రవక్త పేరే చేరనివాళ్లు, పేరూ గుణాలూ సరిగ్గా చేరినవాళ్లు, పేరు చేరినా వక్రంగా చేరినవాళ్లు. మొదటివాళ్లకూ మూడోవాళ్లకూ మినహాయింపు ఉందని ఆయన ఆశ. ఆయన చర్చించింది ఇస్లాం బయట ఉన్నవాళ్ల గురించి. లోపలే పుట్టి, కలిమా చెబుతూ, లోపలి సంగతి తెలియనివాళ్ల సంగతి ఇంకా సున్నితమైనది.

మనవడికి దాతు అన్వాత్ హదీసు చెప్పాను. హిజ్రీ 8లో హునైన్ యుద్ధానికి వెళుతున్న దారిలో, అప్పుడే ఇస్లాం స్వీకరించిన కొందరు ఒక చెట్టును చూశారు. ముష్రిక్కులు దానికి ఆయుధాలు వేలాడదీసి శుభం కోరుకునేవారు. మాకూ అలాంటిది ఒకటి ఏర్పాటు చేయండి అని వాళ్లు ప్రవక్తను అడిగారు. ఆయనకు కోపం వచ్చింది. మూసా జాతి ‘మాకూ ఒక దేవుణ్ని చేసిపెట్టు’ అని అడిగినట్టే అడిగారు అన్నారు. మాట ఎంత ఘోరమైనదో దాచకుండా చెప్పారు. కానీ మీరు ఇస్లాం నుంచి వెళ్లిపోయారనలేదు, కలిమా మళ్లీ చెప్పించలేదు. ఆ చెట్టు గురించి వింటుంటే నాకు మన దర్గాల దగ్గర కొమ్మలకు వేలాడే ఉయ్యాలలు, ముడుపులు కళ్లముందు కదులుతాయి.

“వాళ్లు అడిగారు కానీ చేయలేదు కదా” అన్నాడు మనవడు.

నిజమే. ఆ తేడా ఉంది. అది నేను ఒప్పుకున్నాను. అప్పుడు బూడిద హదీసు దగ్గరికి వచ్చాను. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. పాపాలు చేసిన ఒక మనిషి చావుబతుకుల్లో కొడుకులను పిలిచి, నేను పోయాక నన్ను కాల్చి, ఎముకలు పొడి చేసి గాలిలోకీ సముద్రంలోకీ చల్లండి, అల్లాహ్‌కు నేను చిక్కితే ఎవరినీ శిక్షించనంతగా శిక్షిస్తాడు అన్నాడు. వాళ్లు అలాగే చేశారు. అల్లాహ్ అతన్ని తిరిగి నిలబెట్టి, ఎందుకిలా చేశావని అడిగాడు. నీ భయంతో, అన్నాడు. అల్లాహ్ క్షమించాడు. ఇబ్ను తైమియ్యా (మరణం 1328) దీని గురించి రాస్తూ, ఆ మనిషి అల్లాహ్ శక్తినీ పునరుత్థానాన్నీ అనుమానించాడని, అది అందరి ఒప్పుదలతో కుఫ్రు (అవిశ్వాసం) అని, కానీ అతనికి తెలియదని, అల్లాహ్ అంటే భయపడే విశ్వాసి కాబట్టి క్షమాపణ దొరికిందని వివరించారు. చేసిన పనికి ఒక పేరు, చేసిన మనిషికి ఇంకో పేరు ఉండొచ్చు. పని కుఫ్రు అనడం, ఆ మనిషి కాఫిరు (అవిశ్వాసి) అనడం ఒకటి కాదు. రెండింటి మధ్య నిలబడాల్సిన షరతులున్నాయి: ఆ మనిషికి విషయం తెలియాలి, బలవంతం ఉండకూడదు, ఏదైనా పొరపాటు అన్వయం ఉంటే తొలగాలి.

ఇది ఏకాభిప్రాయం అని నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అతను విన్న ప్రసంగాల్లోని అభిప్రాయం గాలిలోంచి పుట్టింది కాదు. గడచిన శతాబ్దపు సౌదీ పండితుల్లోనే షేక్ ఇబ్ను బాజ్ (మరణం 1999), ముస్లింల మధ్య బతుకుతూ ఖుర్ఆన్, హదీసులు అందుబాటులో ఉన్నవాడికి తౌహీద్ వంటి మూల విషయాల్లో తెలియదన్న సాకు చెల్లదన్నారు. షేక్ ఇబ్ను ఉసైమీన్ (మరణం 2001) చెల్లుతుందన్నారు. ఇద్దరూ ఒకే కాలం, ఒకే దేశం. మనవడికి మొదటివారి మాట మాత్రమే చేరింది. అతను ఎంతో గౌరవించే, వహ్హాబీ ఉద్యమానికి మూలపురుషుడైన ముహమ్మద్ ఇబ్ను అబ్దుల్ వహ్హాబ్ (1703-1792) కూడా తన ఒక లేఖలో, సూఫీ పెద్దలైన అబ్దుల్ ఖాదిర్ సమాధి మీదా అహ్మద్ బదవీ సమాధి మీదా ఉన్నదాన్ని ఆరాధించేవాళ్లను సైతం, వాళ్లకు తెలియకపోవడం వల్ల, హెచ్చరించేవాళ్లు లేకపోవడం వల్ల తాము కాఫిర్లనడం లేదని రాశారు. ఆయన రాతల్లో ఇంతకంటే కఠినమైనవీ ఉన్నాయి, ఆయన అనుచరులు దీని మీద ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ ఈ వాక్యం ఉందని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్లుగా ఒక చెవితోనే విన్నాడు.

మా హనఫీ (ఇమాం అబూ హనీఫా పేరిట నడిచే ధర్మశాస్త్ర సంప్రదాయం) దారి ఇంకో వైపు నుంచి వస్తుంది. సృష్టిని చూస్తూ కూడా సృష్టికర్తను ఎరగకపోవడానికి ఎవరికీ సాకు లేదన్నది ఇమాం అబూ హనీఫా (మరణం 767) పేరుతో వచ్చే మాట. అది కఠినమైనదే. కానీ అవ్వకు సృష్టికర్త ఎవరో తెలుసు, తడుముకోకుండా చెప్పింది. ఇక ఒక ముస్లిమును కాఫిరనడం దగ్గరికి వస్తే హనఫీ ఫత్వా గ్రంథాలు చేతులు కట్టేస్తాయి. ఇబ్ను ఆబిదీన్ (మరణం 1836) రాసినదాని సారం, మాటకు మంచి అర్థం చెప్పుకునే వీలుంటే, లేదా అది కుఫ్రు అవునా కాదా అన్నదాంట్లో భేదాభిప్రాయం ఉంటే, అది బలహీనమైన భేదమైనా సరే, కాఫిరని ఫత్వా ఇవ్వకూడదు. ఇస్లాం చేరని దేశంలో ముస్లిమయి, నమాజు విధి అని తెలియక వదిలేసినవాడు ఆ నమాజులను తిరిగి చేయనక్కరలేదని కూడా మా ధర్మశాస్త్రమైన ఫిఖ్‌హ్‌లో ఉంది. దాన్ని చదివినప్పుడల్లా నాకు దేశం అంటే సరిహద్దు గీతా, లేక చెవిదాకా భాష చేరే దూరమా అని అనిపిస్తుంది.

“కోర్టులో చట్టం తెలియదంటే వదిలేస్తారా హజ్రత్?” అని మనవడు చివరి ప్రయత్నంగా అడిగాడు.

వదలరు. మనిషి మనసులో ఏముందో కోర్టు చూడలేదు, అందుకే అందరికీ తెలుసనుకుని నడుస్తుంది. ఇక్కడ తీర్పు ఇచ్చేవాడికి మనసు తెలుసు. మనసు తెలియని మనం ఆ తీర్పు మన నోటితో ఇవ్వడానికి తొందరపడుతున్నాం. ప్రవక్త సహచరుడు ఉసామా ఒక యుద్ధంలో కలిమా చెప్పినవాణ్ని చంపినప్పుడు ప్రవక్త అడిగింది అదే: అతని గుండె చీల్చి చూశావా? తన సోదరుణ్ని ‘కాఫిర్’ అన్నవాడి మాట ఇద్దరిలో ఒకరి మీదికి వస్తుందన్న హదీసు కూడా చెప్పాను. అప్పటిదాకా అతని చేతిలో వెలుగుతున్న ఫోను అప్పుడు జేబులోకి వెళ్లింది.

నేను తేల్చుకున్నది

మూడు రోజుల తర్వాత తండ్రినీ కొడుకునూ మసీదుకు పిలిచి చెప్పాను.

తాత ముస్లిముగా చనిపోయాడు. ఆయన ఇస్లాం కలిమాతో నిశ్చయంగా మొదలైంది. నిశ్చయంగా ఉన్నదాన్ని అనుమానం తీసేయదన్నది మా ఫిఖ్‌హ్ పునాది సూత్రాల్లో ఒకటి. ఆయనకు ఎవరైనా, ఎప్పుడైనా, ఆయనకు తెలిసిన భాషలో, ఇది తప్పు అని వివరించారా అని కొడుకును మూడుసార్లు అడిగాను. లేదన్నాడు. అయితే ఆయన కోసం దుఆ చేయొచ్చు, చేయాలి. పీరును అడగడం మాత్రం తప్పే. ఈ మాటను మెత్తగా చేయలేదు. ఔలియాల (పుణ్యపురుషుల) పేరు చెప్పి అల్లాహ్‌ను అడగడం మీద మన దేశ పండితుల్లో పెద్ద చర్చ ఉంది, దాన్ని ఈ ఇంట్లోకి తేవడం నాకిష్టం లేదు. కానీ నేరుగా పీరునే అడగడం, మొక్కు తీరకపోతే పీరు కాలు పడగొడతాడని భయపడటం, ఇవి అల్లాహ్‌కు చెందినవాటిని ఇంకొకరికి ఇవ్వడమే.

అవ్వ ముస్లిము. ఆమె తప్పుకు తెలియకపోవడం అడ్డుగా ఉంది. ఆ అడ్డు ఎల్లకాలం ఉండేది కాదు, చెప్పేవాడు వచ్చేదాకానే. కనుక చెప్పాల్సింది మనం. ఏ ప్రవక్తనైనా తన జాతి భాషలోనే పంపామని ఖుర్ఆన్ అంటోంది (14:4). ప్రవక్తలకే ఆ నియమం ఉంటే, ఉర్దూలో బయాన్ చెప్పి తెలుగు అవ్వకు చేర్చానని నేను ఎలా అనుకున్నాను? ఆ మాట వాళ్ల ముందే అన్నాను. మనవడు తల దించుకున్నాడు, నేనూ దించుకున్నాను.

అతనికి ఒక షరతు పెట్టాను. అవ్వకు చెప్పే పని నీది, నేను పక్కన ఉంటాను. కానీ ముందు ఆమె వండింది తినాలి.

నేర్పిన తీరు

ఎక్కడ మొదలుపెట్టాలన్నది నాకు సమస్య అయింది. ‘షిర్కు’ అన్న మాటతో మొదలుపెడితే ఆమె చెవులు మూసుకుంటాయి, ఆ మాటతోనే మనవడు ఆమెను కొట్టాడు కాబట్టి. ఎడారివాడు మసీదులోనే మూత్రం పోసినప్పుడు జనం మీద పడబోతే, ప్రవక్త ఆపి, అతన్ని పూర్తి చేయనిచ్చి, ఒక బక్కెట నీళ్లు పోయించి, తర్వాత మెల్లగా చెప్పారు. సహచరుడు ముఆవియా బిన్ హకమ్ నమాజులో మాట్లాడినప్పుడు కూడా అంతే. అంత మంచి గురువును అంతకు ముందూ తర్వాతా చూడలేదని ఆయనే చెప్పుకున్నారు.

దారి ఆమె నోటి నుంచే దొరికింది. ప్రతి మొహర్రంకూ మలీదా చేసి, పీరు ముందు పెట్టి, ‘ఫాతిహా ఇప్పిస్తాను’ అని ఆమె చెప్పింది. ఫాతిహా అంటే ఏమిటి అవ్వా అంటే, మలీదా మీద చదివే మంత్రం లాంటిది అంది. యాభై ఏళ్లుగా ఆమె తన చేతులతో చేసిన మలీదా మీద చదివించుకుంటున్నది ఖుర్ఆన్‌లోని మొదటి సూరా. ఏడు ఆయతులు. మనవడు ఒక్కొక్కటి చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. సకల లోకాల ప్రభువుకే స్తుతి. కరుణామయుడు. తీర్పు దినానికి యజమాని. అయిదో ఆయత్ దగ్గరికి వచ్చాడు.

“నిన్నే ఆరాధిస్తున్నాం, నీ సహాయమే అడుగుతున్నాం.”

అవ్వ చేతిలోని సూది ఆగింది. “మళ్లీ చెప్పు నాయనా.”

మళ్లీ చెప్పాడు.

“ఇది పీరు ముందర చదివించానా, ఇన్నేళ్లు?” అంది. నేను ఏమీ అనలేదు, మనవడూ ఏమీ అనలేదు. ఆమె కొంతసేపటికి “నీ సహాయమే అంటే, ఇంకెవరినీ అడగనని కదా” అని తనే అంది. నాకు తెలిసిన ఏ ప్రసంగమూ ఆమెను అక్కడికి అంత త్వరగా తీసుకెళ్లేది కాదు.

ఆ తర్వాత వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున మూడు నెలలు నడిచింది. నేరుగా అడిగితే అల్లాహ్ వినడన్న ఆమె నమ్మకమే అసలు ముడి అని నాకు అర్థమైంది. ఆఫీసరు పోలిక పాతుకుపోయి ఉంది. దానికి బఖరా సూరాలోని 186వ ఆయత్ చెప్పించాను: నా దాసులు నా గురించి నిన్నడిగితే, నేను దగ్గరే ఉన్నాను, పిలిచేవాడు పిలిచినప్పుడు జవాబిస్తాను. ఆఫీసరుకు నీ సంగతి తెలియదు కాబట్టి తెలిసినవాడు కావాలి అవ్వా, పుట్టించినవాడికి నీ సంగతి ఎవరు చెప్పాలి, అన్నాను. దానికి నవ్వింది.

నడక సాఫీగా సాగలేదు. రెండో నెలలో మునిమనవడికి జ్వరం వస్తే పీర్ల చావిడికి వెళ్లి దారం తెచ్చి కట్టింది. మనవడు మళ్లీ ఉడికిపోయి నా దగ్గరికి వచ్చాడు: “ఇప్పుడు చెప్పాం కదా హజ్రత్, ఇక సాకు లేదు కదా?” దీనికి నేను తేలిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చెప్పిన మాట చెవిలో పడటానికీ లోపల నాటుకోవడానికీ మధ్య ఎంత కాలం అన్నది ఏ గ్రంథంలోనూ రోజుల లెక్కలో లేదు. 70 ఏళ్ల భయం అది. వెళ్లి ఆమెనే అడగమన్నాను, తిట్టకుండా. అడిగితే, “భయమేసింది నాయనా. కట్టిన తర్వాత సిగ్గేసింది. నువ్వే తెంపు” అందట. అతను తెంపాడు. ఆ సిగ్గే నాకు కావలసిన జవాబు. మొండిగా ఎదురు తిరిగేవాడికి అది ఉండదు.

మసీదు కమిటీతో మాట్లాడి శుక్రవారం బయాన్ తెలుగులోకి మార్చాను. ఇద్దరు పెద్దలు అడ్డుపడ్డారు. ఉర్దూ పోతే దీన్ (ధర్మం) పోతుందని వాళ్ల భయం. ఆ భయాన్ని నేను తీసిపారేయను, ఉర్దూలో మా విద్య చాలా ఉంది. కానీ మైకు ఏ ఊళ్లకు వినిపిస్తుందో ఆ ఊళ్ల భాష తెలుగు. ఇప్పుడు ముందు తెలుగు, చివర అయిదు నిమిషాలు ఉర్దూ.

ఆ తర్వాత

మొహర్రం వచ్చింది. ఆ పల్లెలో పీర్ల పండుగ అందరిదీ. అగ్నిగుండానికి కట్టెలు తెచ్చేవాళ్లలో, దాని చుట్టూ ఆడేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. వాళ్లతో ఆ ఇంటికి ఉన్న సంబంధం చెడకూడదని మొదటి నుంచీ చెబుతూ వచ్చాను. అవ్వ మలీదా చేసింది. పీరు ముందు పెట్టలేదు, ఇరుగుపొరుగుకు పంచింది. ఎందుకు రాలేదని చావిడివాళ్లు అడిగితే మోకాళ్ల నొప్పులంది. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. నేను దాన్ని పట్టుకోలేదు.

పదో రాత్రి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. చావిడి దగ్గర డప్పులు గట్టిగా వినిపిస్తున్నాయి. అవ్వ ఒక్కసారిగా అడిగింది: “నాకంటే మీరు చెప్పారు. ముసలాయనకు ఎవరూ చెప్పలేదే. ఆయన సంగతేమిటి నాయనా?”

ఆమెకు ప్రవక్త సహచరుడు హుజైఫా చెప్పిన హదీసు చెప్పాను. బట్ట మీది అద్దకం వెలిసిపోయినట్టు ఇస్లాం వెలిసిపోతుంది. రోజా ఏమిటో, నమాజు ఏమిటో తెలియని కాలం వస్తుంది. ముసలివాళ్లు, ముసలమ్మలు మిగిలి, మా పెద్దలు లా ఇలాహ ఇల్లల్లాహ్ అంటుంటే విన్నాం, మేమూ అంటున్నాం, అంటారు. ఇది విన్న సిలా అనే ఆయన, నమాజూ రోజా తెలియనివాళ్లకు ఆ మాట ఏం మేలు చేస్తుందని అడిగాడు. హుజైఫా ముఖం తిప్పుకున్నారు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ తిప్పుకున్నారు. చివరికి ఇటు తిరిగి, అది వాళ్లను నరకం నుంచి కాపాడుతుంది సిలా, అని మూడుసార్లు అన్నారు.

బట్ట వెలిసిపోవడం అనగానే ఆమె ఒళ్లోని బొంత వైపు చూసుకుంది. వెలిసిన బట్టలతో బొంతలు కుట్టి బతికిన ఇల్లు అది.

మనవడు ఆ హదీసును అంతకు ముందు విననట్టున్నాడు. మర్నాడు ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత ఒక్కడే ఖబరస్తాన్ (సమాధుల స్థలం) వైపు నడిచి వెళుతుంటే మసీదు మెట్ల మీద నుంచి చూశాను. ఎంతసేపు ఉన్నాడో, ఏమడిగాడో నేను అడగలేదు.

ఒక విషయం ఇంకా తేలలేదు. తాత పీరుకు కట్టిన పచ్చ దట్టీ ఒకటి ఇనప్పెట్టెలో ఉంది. మనవడు దాన్ని కాల్చేయాలంటాడు. అవ్వ, అది ఆయన భుజం మీద చెమట పట్టిన గుడ్డ, పీరుది కాదు, అంటుంది. నన్నడిగారు. దాన్ని మొక్కుకోనంతవరకు పెట్టెలో ఉండనివ్వండి అన్నాను. ఏం చేయాలో అవ్వే చెబుతుంది.